రంగునూలు – ఊరినీరు

(సికింద్రాబాదునందు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా నా చేతిలోనున్న ఈ దారమును చూడుడు. వెనుక వరుసలలో కూర్చున్నవారికి కనబడదు. కొంచెము సేపటిలో మీ చేతికే ఇచ్చెదను. ఇది మూరెడు పొడవు గల నూలుపోగు. ఈ కొనయందు తెలుపు, బెత్తెడు దాటినంతనే ఎరుపు, ఆ పిమ్మట నలుపు, మరల ఎరుపు, మరల తెలుపు. మూడు రంగుల దారములను ముడివేసి కూర్చినది కాదు. ఆద్యంతము ఒకే పోగు. ఒక పాత తేలియా రుమాలు చిరిగిన అంచునుండి దీనిని లాగి తెచ్చితిని.

రంగునూలు అనగానే మనకు సామాన్యముగా తోచునది వేరు. చిలపను చిలపగా ఎర్రరంగులో ముంచిన ఎర్రనూలు, నీలిరంగులో ముంచిన నీలినూలు. అట్టి నూలును పడుగులోను పేకలోను మార్చి మార్చి పెట్టి గళ్ళ లుంగీలు, చారల దుప్పట్లు నేయుదురు. అందు ఒక్కొక్క దారమునకు ఒక్కటే రంగు. గళ్ళు, చారలు మగ్గముపై పుట్టును. ఈ దారము సంగతి అది కాదు. దీనియందు బొమ్మ మగ్గము ఎక్కక మునుపే పుట్టినది. ఏ పోగు ఏ స్థానమున పడునో, అచ్చట ఏ రంగు ఉండవలయునో అంతయు ముందుగనే లెక్కించి, కట్టి, ముంచి, ఆరవేసి, అటుపిమ్మటనే మగ్గమునకు అందించిరి.

ఈ దినమున మీతో మనవి చేయదలచిన విషయము ఇందుండియే పుట్టినది. బొమ్మ రంగుతొట్టిలో పుట్టుచున్నది గనుక, చీర వెలయు, దాని మన్నికయు, దానివలన వచ్చు చిక్కులును రంగుతొట్టిలోనే నిర్ణయమగుచున్నవి. ఆ తొట్టి ఉన్నది మీ గ్రామములో. దానిలోనికి నీరు వచ్చునది మీ బావినుండి. దానినుండి నీరు పోవునది మీ కాలువలోనికి. నేత సంఘమువారు చూచుకొందురులే అని పంచాయతీ ఊరకుండుటకు వీలులేని వ్యవహారమిది.

సికింద్రాబాదునుండి సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణము చేసినచో భూదాన్ పోచంపల్లి చేరవచ్చును. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే ఆ గ్రామమునకు వచ్చినప్పుడు శ్రీ వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరముల భూమి దానమిచ్చిన వృత్తాంతము మీలో పెక్కుమందికి తెలిసినదే. ఊరి పేరునకు ముందు భూదానము చేరినది ఆ పుణ్యముననే. ఊరి పేరునకు తరువాత చీర చేరినది మాత్రము అచ్చటి నేతపనివారి చలువ. పోచంపల్లిలోను, పుట్టపాకలోను, కొయ్యలగూడెములోను, ఒకప్పటి నల్లగొండ జిల్లా, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని మరి పెక్కు పల్లెలలోను ఈ విద్యయే జీవనాధారముగ బ్రదుకుచున్న కుటుంబములు గలవు. వారు దీనిని చిట్కి అందురు. బజారులో ఇకత్ అను పేరు వ్యాపించినది. అది మలయా, ఇండొనీషియా భాషలలో కట్టుట అను అర్థమునుండి వచ్చిన మాట. ఒడిషావారు బంధ అందురు. ఏ దేశమువారు ఏ పేరు పెట్టినను కట్టు అను మాట విడువలేదు. పనియంతయు ఆ కట్టులోనే యున్నది.

ఈ విద్య పోచంపల్లిలో పుట్టినది కాదు. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో చీరాల ప్రాంతమునుండి ఇచ్చటికి వచ్చినది. చీరాలలో ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో నేసిన చదరపు రుమాళ్ళు ఓడలనెక్కి ఆరేబియా తీరమునకును, తూర్పు ఆఫ్రికాకును పోయెడివి. అరబ్బులు వానిని తలకు చుట్టుకొనెడివారు. మన తీరమున జాలరులు లుంగీగను, తలగుడ్డగను వాడుకొనెడివారు. తేలియా అను పేరు నూనెను బట్టి వచ్చినది. ఆ నూనె సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన మన పెద్దల రసాయన శాస్త్రమంతయు అందు దాగియున్నది.

ఆముదపుకాయల తొక్కలను కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి, తేరిన నీటిని వేరుచేయుదురు. అందులో నూనె పోసి కలిపినచో పాలవలె తెల్లని ద్రవము తయారగును. నూలును అందు ముంచి, చేతులతో బాగుగా పిసికి, ఎండలో ఆరవేయుదురు. మరునాడు మరల అట్లే. ఈ విధముగ రెండు మూడు వారములు గడచిన పిమ్మట గాని నూలు రంగుకు సిద్ధము కాదు. తొందరపడి వారములో ముగించినచో ఏమగునో రుమాలు కట్టుకొన్నవాని తెల్లచొక్కా చెప్పగలదు. బూడిదలోని క్షారమువలన నూనె విరిగి పోగులోనికి ఇంకును. తరువాత పటిక నీటిలో ముంచినప్పుడు పటిక ఆ నూనెను పట్టుకొనును. పటికను రంగు పట్టుకొనును. ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఏరు దాటువారివలె ఆ మూడును విడివడక నిలుచును. పటికతో కలిసిన రంగు ఎరుపగును. అదే రంగు ఇనుముతో కలిసినచో నలుపునకు తిరుగును. ఇంత చేసినందుననే తేలియా రుమాలు ఎన్ని ఉతుకులైనను వెలిసిపోక, ఉతికినకొలది మెత్తబడి తేటయగుచుండును.

ఈ ఎరుపును పూర్వము చిరివేరునుండి తీసెడివారు. 17వ శతాబ్దమున నిజాంపట్నము ప్రాంతపు చిరివేరునకు విదేశీ వర్తకులలోను మంచి పేరుండెడిది. 1868లో జర్మనీ దేశమున గ్రేబె, లీబర్మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వేళ్ళలోని ఎరుపునకు మూలమైన అలిజరిన్ అను పదార్థమును కృత్రిమముగ తయారుచేసిరి. అటుపై వేరు త్రవ్వి ఎండబెట్టి దంచు శ్రమ తప్పినది. ఆ వేరును నమ్ముకొన్నవారి కూడును తప్పినది. నీలిమందునకును ఆ శతాబ్దము చివర ఇదే గతి పట్టినది. కృత్రిమపు రంగులు రాకున్నచో పోచంపల్లి చీరపై ఇన్ని వన్నెలు ఉండెడివి కావు. వచ్చినందున కలిగిన కీడును గూర్చి తరువాత చెప్పెదను.

ఇక కట్టు పని. మిల్లునుండి వచ్చిన నూలునకు మైనము, జిడ్డు ఉండును. దానిని ఉడికించి శుభ్రపరచిన పిమ్మట ఆసు పోయుదురు. ఒక ప్రక్కన ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారమున వరుసగా మేకులు. ఆ మేకునుండి ఈ మేకునకు, ఈ మేకునుండి ఆ మేకునకు దారమును చేతితో త్రిప్పుచు పోవలయును. ఒక చీర పేకకు చేయి సుమారు 9,000 పర్యాయములు ముందునకు వెనుకకు ఆడవలయును. అది నాలుగు గంటలకు మించిన పని. దినమునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000 పర్యాయములు. ఈ పని చేయువారు సాధారణముగా ఇంటి స్త్రీలే.

నేనొక పల్లెలో ఆసు పోయుచున్న పెద్దామెను చూచి, “అమ్మా, ఎన్ని సుట్లయినవో లెక్క ఎవరు పెడ్తరు?” అని అడిగితిని. ఆమె చేయి ఆపకయే, “లెక్క ఎవరు పెడ్తరు సారూ, పొద్దుగూకినంక భుజమే చెప్తది” అనెను.

ఆలేరు ప్రాంతములోని శారాజీపేటకు చెందిన శ్రీ చింతకింది మల్లేశము గారు తల్లి భుజపు నొప్పిని చూడలేక, పెద్ద చదువులు లేకున్నను, కొన్నియేండ్లు శ్రమించి 1999లో ఆసు పోయు యంత్రమును నిర్మించిరి. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడిరి. నాలుగు గంటలకు మించిన పని దానిపై గంటన్నరలో ముగియును. భుజమునకు శ్రమ లేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ సంగతిని సన్మానసభలలో చెప్పుకొని చప్పట్లు కొట్టుట సులభము. మీ గ్రామములో ఇంకను చేతితోనే ఆసు పోయుచున్న ఇండ్లు ఎన్ని గలవో మీలో ఎవరైన లెక్క తీసితిరా? 2019-20 నాటి జాతీయ చేనేత గణన ప్రకారము దేశమున ఈ వృత్తిలో 35 లక్షలకు పైబడి పనివారున్నారు. అందు అత్యధికులు స్త్రీలు. వారి పనిలో ఎక్కువ భాగము మగ్గము దగ్గర కాక, మగ్గమునకు ముందు జరుగును. అందుచేత అది కంటబడదు.

ఆసు పోసిన నూలును చట్రముపై బిగించి, గళ్ళ కాగితముపై గీసిన నమూనా ప్రకారము బొగ్గుతోనో కలముతోనో గుర్తులు పెట్టుదురు. తరువాత కట్టు. ఇప్పుడు సైకిలు ట్యూబులను సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో కట్టుచున్నారు. బొమ్మలో తెలుపుగా మిగులవలసిన చోట్లనెల్ల గట్టిగా చుట్టి, నూలును పసుపురంగులో ముంచుదురు. ఆరిన పిమ్మట పసుపుగా మిగులవలసిన చోట్ల కట్టి, ఎరుపులో ముంచుదురు. ఎరుపును కట్టి నలుపులో ముంచుదురు. చిట్టచివర కట్లన్నియు విప్పినప్పుడు తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ఒకే పోగుపై వరుసగా బయటపడును.

వినుటకు ఇంతయే. చేయునప్పుడు తిప్పలు పెక్కు. పసుపుపై నీలము పడినచో ఆకుపచ్చ వచ్చును, మంచిదే; ఎరుపుపై నీలము పడినచో నీలము రాదు, మురికి ఊదా వచ్చును. కావున ఎరుపు ప్రక్కన స్వచ్ఛమైన నీలము కావలసినచో ఆ నీలపు చోటును మొదటినుండియు తెల్లగా కట్టి ఉంచి, ఎరుపు ముగిసిన పిమ్మట దానిని కట్టివేసి, ఇవతలి కట్టును విప్పి, మరల ముంచవలయును. రంగులు పెరిగినకొలది కట్లు, విప్పులు, ముంపులు, కడుగుళ్ళు పెరుగును. నీరును పెరుగును, ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. ఒక్క కట్టు వదులైనచో రంగు లోనికి చొరబడును. దానిని దిద్దుటకు మార్గము లేదు.

కొందరు పేకను మాత్రమే ఇట్లు కట్టుదురు; కొందరు పడుగును. రెంటిని కట్టి నేయుట అన్నింటికంటె కష్టము. పడుగుపైనున్న ఎర్రచుక్కపై పేకలోని ఎర్రచుక్క సరిగా వచ్చి కూర్చుండవలయును. కేశమంత ప్రక్కకు జరిగినను పువ్వు చెదరును. ఒక్కొక్క పోగు పడినప్పుడెల్ల నేతగాడు చేతితో సరిచేయుచుండును. గుజరాతులోని పాటన్ పటోలాలు, ఇండొనీషియాలోని బాలి ద్వీపమున టెంగనాన్ గ్రామపు వస్త్రములు ఇట్టివి. జపానులోను కొంత గలదు. ఆ కొద్ది చోట్ల సరసన మన పుట్టపాక నిలిచియున్నది. ఆ గ్రామపు కళాకారులైన శ్రీ గజం గోవర్ధన్ గారికి 2011లోను, శ్రీ గజం అంజయ్య గారికి 2013లోను పద్మశ్రీ లభించినది. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపును వచ్చినది.

పోచంపల్లివారు తొలుత నూలుబట్టలే నేసిరి. 1950, 1960 దశాబ్దములలో పట్టునకు తిరిగిరి. ఇప్పుడు చీరలతోపాటు దుపట్టాలు, దుప్పట్లు, తెరలు, దిండుగలీబులు, చొక్కాగుడ్డ అన్నియు ఈ నూలుతో తయారగుచున్నవి. కొయ్యలగూడెమువారి నూలు దుప్పట్లు పేరెన్నికగన్నవి.

ఇచట నా అవివేకమొకటి చెప్పుకొనవలసి యున్నది. కొన్నియేండ్ల క్రిందట మా చెల్లెలికి పండుగ పెట్టుబడి కొఱకు ఈ నగరములోనే ఒక దుకాణమున పోచంపల్లి చీరయని చెప్పగా కొంటిని. వెల సగము. చేనేతను గూర్చి గోడపత్రికలు వ్రాయించి, ఊరూర ప్రదర్శనలు పెట్టించిన మనిషిని; నాకు తెలియదా అను ధీమా. మొదటి ఉతుకునకే ఎరుపు కారి మరి మూడు బట్టలకు అంటినది. చెల్లెలు ఏమియు అనలేదు. మా తల్లిగారు మాత్రము, “నాయనా, నువ్వు ఊళ్ళవాళ్ళకు చెప్పేదేమిటి మరి?” అని అడిగిరి. చూడగా అది యంత్రముపై నేసిన గుడ్డమీద చిట్కి నమూనాను అచ్చువేసినది.

ఆనాడు నేను చేయవలసియుండి చేయని పరీక్ష చాల సులభము. గుడ్డను తిరగవేసి చూడుడు. కట్టునూలుతో నేసినదానియందు ముందు వెనుకలు ఒక్క తీరుగనే యుండును. అచ్చు వేసినదానికి వెనుక ప్రక్క వెలవెలబోవును. బొమ్మ అంచులు చూడుడు. నిజమైన చిట్కిలో రంగు అంచు తడిసిన కాగితముపై సిరావలె కొంచెము అటునిటు పారి, మెట్లుమెట్లుగా నుండును. అచ్చులో గీత గీసినట్లు తెగిపోవును. ఇప్పటి అచ్చువారు ఆ చెదరును కూడ అనుకరింప నేర్చినారు గనుక మూడవది అన్నింటికంటె నమ్మదగినది: చెంగు చివరనుండి ఒక పోగు లాగుడు. పోగు లోపలి వరకు రంగు పట్టి, ఒక రంగునుండి మరియొక రంగునకు సాగియున్నచో అది కట్టిన నూలు. అచ్చు గుడ్డ పోగునందు మరియొక దారము క్రింద దాగిన చోట్లనెల్ల తెల్లని మచ్చలు కనబడును.

పోచంపల్లి ఇకత్‌నకు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ప్రకారము ఆ పేరును ఆ ప్రాంతమున ఆ పద్ధతిలో చేసిన వస్త్రమునకే వాడవలయును. చట్టము మంచిదే. కాని అది తానై బజారునకు పోయి దుకాణములు తనిఖీ చేయదు, ఫిర్యాదు చేయువారుండవలయును. కొనువాడు మోసపోయినచో ఒక చీర నష్టము. నేతగానికి నష్టము ఏటేట జరుగును. సగము వెలకు అదే బొమ్మ దొరకుచుండగా అతని చీరను అడుగువారు తగ్గుదురు. వెల తగ్గించుటకై అతడు మొట్టమొదట చేయి వేయునది రంగుమీదనే. చౌకరంగు కొనును.

చౌకరంగు సంగతి వినుడు. నూలునకు నేరుగా అంటు రంగులు కొన్ని గలవు. వేడినీటిలో ఉప్పుతో కలిపి ముంచిన చాలును. పని తేలిక, వెల తక్కువ, మన్నికయు తక్కువ. వ్యాట్ రంగులు గట్టివి; కాని వానిని కాస్టిక్ సోడాతోను, హైడ్రోస్ అను రసాయనముతోను కరిగింపవలయును. తొట్టిలో ఒక రంగుగా నుండి, గాలి తగిలినంతనే అసలు రంగునకు తిరుగును. చూచుటకు వింతగా నుండును. 1956లో బజారునకు వచ్చిన రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికముగ కలిసిపోవును గనుక అవియు మన్నికగలవే. బెంజిడీన్ ఆధారమైన రంగులును, మరికొన్ని అజో రంగులును కేన్సరునకు కారణమగునని తేలుటచే 1990లలో మన ప్రభుత్వము వానిని నిషేధించినది. బిళ్ళ లేని డబ్బాలో, పేరు లేని పొట్లములో అమ్ము రంగును కొనరాదని చెప్పుట అందువలననే. నేత సంఘము కొనెడి రంగుడబ్బాపై పేరును, కంపెనీని చదువుట పంచాయతీ సభ్యునకు నామోషీ కాదు.

రంగుతొట్టి యొద్ద పనిచేయువారి చేతులను చూచియుందురు. మోచేతివరకు నీలము. గోళ్ళ సందులలో ఆదివారము నాడును పోని ఎరుపు. కాస్టిక్ సోడా చర్మమును కాల్చును. రబ్బరు తొడుగులు వేసికొనుడనిన “జారిపోవును, కట్టు తెలియదు” అని కొందరు తీసివేయుదురు. వారి మాటయందును నిజము లేకపోలేదు. కట్టునప్పుడు వ్రేలి కొనయే కన్ను. కాని కట్టునది వేరు సమయము, ముంచునది వేరు సమయము. ముంచునప్పుడు తొడుగు తప్పక వేసికొనవచ్చును.

ఇప్పుడు నీటి మాటకు వచ్చెదను. ముంచినంత రంగంతయు నూలునకు అంటదు. రియాక్టివ్ రంగులలో కొన్నింట నాల్గవ వంతు వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తొట్టినీటిలోనే మిగులును. ముదురు రంగులకు లీటరు నీటికి 50 గ్రాములకు మించి ఉప్పు పోయుదురు. ఆ ఉప్పంతయు నీటితోనే బయటకు పోవును. దానికి తోడు సోడా. నేనొక నేతపల్లెలో చూచిన కాలువ ఒకటి కలదు. బడికి పోవు పిల్లలు దానిని దాటుచు, “ఇయ్యాల ఎరుపు”, “ఇయ్యాల పచ్చ” అని చెప్పుకొనుచుండిరి. ఆ కాలువకు ఇరువది అడుగుల దూరమున చేతిపంపు. నాతో వచ్చిన వార్డు సభ్యుడు బుద్ధిమంతుడు. ఊరి పరిశుభ్రతపై శ్రద్ధ గలవాడు. “వచ్చే నెల ఇంకుడు గుంత తవ్విస్తున్నం సారూ, కాలువ కనబడకుండ పోతది” అని సంతోషముతో చెప్పెను.

సోదరులారా, ఈ ఒక్క విషయము దయచేసి జాగ్రత్తగ వినుడు. ఇంకుడు గుంత వాననీటికి మంచిది, చేతిపంపు యొద్ద ఒలికిన నీటికి మంచిది. రంగునీటికి అది విషము. కాలువలో పారునప్పుడు కంటికి కనబడిన ఎరుపు, గుంతలో ఇంకినంతనే కంటికి కనబడదు. భూమిలోని నీటిలో చేరి, చేతిపంపుద్వారా బిందెలోనికి వచ్చును. రంగు కొంతవరకు మట్టిలో నిలిచినను ఉప్పు నిలువదు. బావినీరు ఏటేట ఉప్పబారుచున్నదని చెప్పు నేతపల్లెలు మొదట తమ తొట్లవైపు చూడవలయును.

మూసీ నీటితో పంట పండించు పల్లెలవారు మీలో ఉన్నారు. పట్టణము వదలిన మురుగు మీ పొలములకు వచ్చుచున్నదని మీరు ఎన్నియో సభలలో మొరపెట్టుకొంటిరి. ఆ మొర న్యాయమైనది. ఆ నోటితోనే మన వాడ రంగునీటిని దిగువ వాడకు వదలుట ఎట్లు సమర్థింపగలము? చెట్టుబెరడుల రంగులకు తిరిగినచో ఈ బాధ తీరునని కొందరు మిత్రులు చెప్పుచుందురు. కొంత తీరును. కాని ఆ రంగులకును నీరు ఎక్కువయే కావలయును; పటిక మేలే గాని, క్రోము, తుత్తము వంటి వానిని కలిపినచో ఆ నీరును చెడ్డదే. చెట్టు పేరు చెప్పినంత మాత్రమున తొట్టి పరిశుద్ధము కాదు.

మాబోటి ప్రచారకుల తప్పును ఇందు గలదు. చీరను చూపితిమి, మగ్గమును చూపితిమి, పురస్కారములను చూపితిమి. రంగుతొట్టి ఛాయాచిత్రము తీసినప్పుడును ఆ నీరు ఎటుపోవునో అడిగినది లేదు. ఛాయాచిత్రములలో అది అందముగనే యుండును.

చేయదగినది అసాధ్యమైనది కాదు. ఇంటింట తొట్టి ఉన్నచో ఇంటింట కాలువ. అందరికి ఒకచోట, తాగునీటి బావులకు దూరముగ, దిగువన, సిమెంటు నేలతో ఒక రంగుశాల ఉన్నచో నీరు ఒకేచోట దొరకును. దొరికిన నీటిని సున్నముతోను, పటికతోను తేర్చినచో చాల రంగులు మడ్డిగ అడుగున దిగును. పైనీటిని అడుగున ఇంకని వెడల్పాటి తొట్టిలో ఎండకు వదలవచ్చును. మన ఎండలు అందుకు చాలును. ఉప్పు సున్నమునకు లొంగదు, ఎండిన తొట్టి అడుగున మిగులును. దానిని గీకి వేరుగ భద్రపరుపవలయును. మడ్డిని పెంటకుప్పలో కలుపరాదు. అది ఎరువుతో పొలమునకు చేరును. దానిని ఎచ్చట వేయవలయునో కాలుష్య నియంత్రణ మండలివారిని వ్రాతపూర్వకముగ అడుగుడు. 1974 నాటి జల కాలుష్య చట్టము క్రింద ఇది వారి పని. ఇంతకంటె తేలికయైనది మరొకటి గలదు. ఒక తొట్టిలో ముదురు రంగు ముగిసిన పిమ్మట ఆ నీటినే పారబోయక, లేతరంగు ముంపునకు వాడుట. కొందరు వృద్ధ నేతగాండ్రు దీనిని పొదుపుకొఱకు ఏనాటినుండియో చేయుచున్నారు. వారిని అడిగి తెలిసికొని, పడుచువారికి చెప్పింపుడు.

దీనికి అధికారము మాకెక్కడిదని సందేహింపకుడు. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలునందు గ్రామీణ, కుటీర పరిశ్రమలును ఉన్నవి, తాగునీరును ఉన్నది, పారిశుద్ధ్యమును ఉన్నది. ఈ మూడును కలియు చోటు రంగుతొట్టియే. అట్లని నోటీసు పంపి తొట్లు మూయింపబోకుడు. తొట్టి మూసిననాడు నేతగాడు పట్టణమునకు పోయి కాపలా పని వెదకుకొనును. చీర బొమ్మ అచ్చుయంత్రమునకు పోవును. గ్రామసభలో అతనినే, ఆసు పోయు అతని ఇంటి స్త్రీలనే ముందు మాటాడనిండు. నీరు ఎక్కడ పోయవలయునో వారికి చెప్పుటకు ముందు, ఎక్కడ పోయుటకు చోటున్నదో వారినుండి వినుడు. గ్రామకంఠములో స్థలమున్నదో లేదో తేల్చవలసినది మీరు.

ఈ బల్లపై రెండు గుడ్డలను ఉంచుచున్నాను. ఒకటి పుట్టపాకది, రెండవది మా చెల్లెలికి కొనిన చీర చెంగు. ఏది ఏదియో నేను చెప్పను. భోజన విరామములో పోగు లాగి చూచుకొనుడు. మొదట చూపిన దారమును వెనుక వరుసవారికి ఇచ్చుచున్నాను. త్రెంపక ముందు వరుసకు పంపవలసినదిగ ప్రార్థన.